చుక్క అంటే ఎవరు

ఫయాల్ దీవి, హోర్తా రేవు. వాన మూడోరోజు.
మ్యూజియం వెనక గదిలో కూచుని
తిమింగలాల వేట పడవల పాత దస్తరాన్ని
ఎక్స్ఎమ్ఎల్‌లోకి ఎక్కించాను:
ముప్పై ఎనిమిది పడవలు ఒక కొమ్మకు,
రెండువందల అరవై ఎనిమిది మంది ఇంకో కొమ్మకు.
మనిషి పేరు పక్కన పడవ నంబరు.
ఆ రెండు కొమ్మలకూ చుట్టరికం చెప్పే దారం
అదొక్కటే.

పడవ పడవకూ ఒక పేజీ.
పేజీలో ఆ పడవ మనుషులు.
ఇంతేగా అన్నాడు క్యూరేటర్ లౌరెంసు,
కాఫీలో చెంచా తిప్పుతూ.

లూప్ రాశాను.
గానుగెద్దులా ముప్పై ఎనిమిది చుట్లు తిరిగింది.
ముప్పై ఎనిమిది పేజీల్లోనూ
ఒకే ఒక్కడు:
జసింతు గులార్త్.
'బోవా విండా'లో జసింతు.
జలసంధిలో రెండు ముక్కలైన 'సెరెయా'లోనూ,
అదే రోజు అదే గంటకు
ఒడ్డున రంగు వేయించుకుంటున్న 'రొసారియా'లోనూ
జసింతే.

టికెట్ల కిటికీ మూసి వచ్చిన ఒండీనా
స్క్రీన్ చూసి పడీపడీ నవ్వింది.
"మా తాతకు పడవ పేరెత్తితే వాంతులు.
ఒడ్డున కూచుని ఈ పుస్తకం రాసింది ఆయనే.
కలం పారుతుందో లేదోనని
మొదటి గీత మీద తన పేరే రాసి చూసుకున్నాడు."

అప్పుడు దొరికింది నా తప్పు.
పడవ దగ్గర నిలబడి కూడా
రెండు గీతలు గీసి, వేరు నుంచి వెతకమన్నాను.
ఎవరి పక్కన నిలబడ్డామో
వేరుకు పట్టదు.
మొదట ఎదురైనవాణ్ని చెయ్యిపట్టి తెచ్చేస్తుంది.

సరే, చదరపు బ్రాకెట్లలో షరతు పెట్టాను:
మనిషి పడవ నంబరు
చుక్క నంబరుతో సరిపోవాలి.
చుక్క అంటే ఇది. నా ముందున్న ఈ పడవ.
అనుకున్నాను.
నడిపితే ఒక్కరూ రాలేదు.
జసింతు కూడా.

బ్రాకెట్ గడప దాటగానే
చుక్క మనిషి వైపు తిరిగిపోతుందట.
అతని పడవ నంబరును
అతని సొంత నంబరుతోనే పోల్చి చూసి
కాదు పొమ్మంటుందట,
పరామర్శకు వెళ్లినవాళ్లు
గుమ్మంలోనే తమ గోడు మొదలుపెట్టినట్టు.

అందుకే ఇంకో మాట పుట్టింది: కరెంట్.
దీపానిది కాదు.
జలసంధిలో ఈతగాణ్ని లాక్కుపోయేదీ కాదు.
లోపల ఎంతమందిని పలకరిస్తున్నా
బయట ఎవరి కోసం వచ్చావో
మరిచిపోనివ్వనిది.

ఒక్క మాట మార్చాను.
పడవలు నిండాయి.
ఏడుగురేసి. తెడ్లు పట్టేవాళ్లు ఐదుగురు,
ముందు ఈటె విసిరేవాడు, వెనక చుక్కాని.
లౌరెంసు చప్పట్లు కొట్టి గొడుగు తీసుకున్నాడు.

నేనే ఉండబట్టలేక కూడాను.
రెండువందల అరవై ఆరు.

ఒకడు జసింతు, అతనికి పడవ గడి ఖాళీ.
రెండోవాడు అదెలీను బ్రూం.
పడవ నంబరు ముప్పై తొమ్మిది.

ముప్పై తొమ్మిదో పడవ లేదు.
"తాత ఆరునీ తొమ్మిదినీ ఒకేలా రాసేవాడు"
అంది ఒండీనా.
ముప్పై ఆరులో అప్పటికే ఏడుగురున్నారు.
ఎనిమిదోవాడికి తెడ్డూ లేదు, చోటూ లేదు.

పడవల మీదుగా తిరిగే లూప్
అదెలీను గుమ్మం ముందుకు
ఏ చుట్టులోనూ రాదు.
అది తప్పు కాదు. అడిగింది పడవల గురించి.
అయినా ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

రెండో లూప్ రాశాను, ఈసారి మనుషుల వైపు నుంచి.
నీ పడవ ఎక్కడ అని ఒక్కొక్కరినీ అడిగి
లేదన్నవాళ్లను ఉంచుకునేది.
ముప్పై తొమ్మిదో పేజీ వచ్చింది.
పైన పడవ పేరు ఉండాల్సిన చోట తెలుపు.
కింద ఇద్దరు.

పేజీలో ఏదో పడిపోయింది, చూసుకో
అన్నాడు లౌరెంసు మర్నాడు.
ఒండీనా కాగితం అందుకుని
తాత పేరు మీద వేలు ఆనించింది.
"పక్కన తోడున్నాడుగా," అంది,
"ఈసారి వాంతులు కావులే."